సీటు భాయ్‌ది, బాయిలర్ నాది

ఆ రోలర్ డ్రైవర్ సీటు నాకు రావాల్సింది. హైదరాబాదు భాయ్‌కి పోయింది. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

డెబ్భైల చివర, గల్ఫ్‌లో ఘాలా అనే చోట మా కంపెనీ గ్యారేజీ. నవంబరులో వచ్చే ఆ దేశపు జాతీయ పండుగ ఊరేగింపులో పాత యంత్రాలు నడిపించాలని మా యజమానికి ముచ్చట పుట్టింది. బొంబాయిలో తుక్కు కింద పడున్న ఆవిరి రోడ్డు రోలర్‌ని కొని మత్రా రేవులో దింపించాడు. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. మూడు నెలలు డ్యూటీ అయ్యాక కూడా ఉండి, మసి మింగుతూ బాయిలర్ గొట్టాలన్నీ మార్చాను. తీరా తోలేది ఎవరంటే, ఇండియాలో రోడ్ల డిపార్టుమెంటులో రోలర్ నడిపిన భాయ్. నన్నేమో బకెట్ పట్టుకుని పక్కన నడవమన్నాడు ఇంజినీరు.

భాయ్‌కి తెల్లచొక్కా కుట్టించారు. నాకు బకెట్టూ తడి గోనెసంచీ. జనం చప్పట్లు కొడుతుంటే అతను సలాములు చేస్తున్నాడు, విజిల్ లాగుతున్నాడు. ఆ విజిల్ తుప్పు రుద్దింది నేను.

చాలా దూరం పోయాక, బాయిలర్‌లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ మొరాయించింది. బాగా వేడెక్కితే అది అంతే. తడి గోనె చుడితే మళ్లీ పనిచేస్తుంది. షెడ్డులో ఎన్నోసార్లు చేశాను.

భాయ్ వంగి మెల్లగా అడిగాడు. "అన్నా, నీళ్లు తీసుకుంటలేదు. ఏం చేద్దాం?"

"నాకేం ఎరుక భాయ్. డ్రైవర్‌వి నువ్వు గద."

బాయిలర్‌లో నీటిమట్టం చూపించే గాజుగొట్టంలో నీళ్లు దిగిపోతున్నాయి. పరువు కోసం ఇంకాస్త దూరం లాగి, చివరికి ఆగిపోయి, అందరి ముందూ తిట్లు తింటాడనుకున్నాను. భాయ్ అలా చెయ్యలేదు. యజమాని కూర్చున్న షామియానా ఎదుటే ఆపేసి, దిగి, పొయ్యిలోని నిప్పంతా రోడ్డు మీదికి లాగేశాడు. తెల్లచొక్కా మసైపోయింది. జనం నవ్వారు. రోలర్‌ని లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు.

గ్యారేజీలో ఇంజినీరు అతణ్ని నిలబెట్టి కడిగేశాడు. "గల్తీ నాదే సాబ్" అన్నాడు భాయ్. నా వైపు చూడనైనా లేదు.

తర్వాత అతను చేతులు కడుక్కుంటుంటే నేనే ఉండబట్టలేక అడిగాను. "ఇంకో ఫర్లాంగు పోతే అయిపోతుండె గద భాయ్. ఎందుకు ఆపినవ్?"

"నీళ్లు లేకుంట నడిపితె నీ గొట్టాలు కాలిపోతుండె అన్నా. మూడు నెలలు చేసినవ్ గద."

సీటు దక్కినందుకు అతణ్ని చూసి కుళ్లుకున్నాను. ఆ మాట విన్నాక మరింత కుళ్లుకున్నాను. అతని చోట నేనుంటే ఆపేవాణ్ని కాదు.