ఓడ దిగిన చొక్కా

ఇంట్లో కుట్టే మనిషిని పెట్టుకుని, పాతగుడ్డల కుప్పలో పరువు వెతుక్కున్న తెలివితక్కువవాణ్ణి నేను. తొంభైల్లో స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి, కూర్మన్నపాలెంలో కాపురం పెట్టిన కొత్త. మా ఆవిడ కుట్టిన చొక్కాలు నా హోదాకు ఆనేవి కావు. పోర్టు దగ్గర రోడ్డు మీద కుప్పపోసి అమ్మే సెకండ్‌హ్యాండ్ చొక్కా ఒకటి, సింగపూర్ ఓడలోంచి దిగిందంటే నమ్మి కొన్నాను.

గోపాలపట్నంలో మరదలి పెళ్ళికి అదే వేసుకెళ్ళి, ఫారిన్‌దని అడగనివాళ్ళకి కూడా చెప్పాను. భోజనాల బంతిలో, పనీపాటా లేని మా బావమరిది వెనకనుంచి వచ్చి కాలరు తిప్పాడు. లోపల లాండ్రీవాళ్ళు చెరగని సిరాతో రాసే గుర్తు, చక్కని తెలుగులో!

“ఏటి బావా, సింగపూరోల్లు కూడా బట్టలు మన పెందుర్తి లాండ్రీకే ఏత్తన్నారేటి?”

బంతి బంతంతా నవ్వింది. మామగారైతే ఆకు ముందునుంచి లేచి మరీ నవ్వారు.

ఆనాటినుంచి మా ఆవిడ కుట్టినవే తొడుగుతున్నాను. అవి చూసి బావమరిది, “అక్కా, పెళ్ళిచూపులకెల్తన్నాను, నాకూ ఒకటి కుట్టవే” అన్నాడు. ఆవిడ టేపు పెట్టి కొలతలు చెబుతుంటే రాసింది నేను. మెడ దగ్గర ఒక్క అంగుళం తగ్గించాను. పెళ్ళిచూపుల్లో ఆ వాగుడుకాయ తలూపడం తప్ప నోరెత్తలేకపోయాడు. నెమ్మదస్తుడని పిల్లనిచ్చారు!