తర్వాతేందని అడిగిన సారు

మా సోషల్ సారు పోయారు. గురువారం ఉదయం క్యాంపస్‌లో డిబేట్ సాధన జరుగుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. "బాపు ఇగ లేడమ్మా. చాయ్ తాగి పేపర్ సదువుకుంట కూసున్నడు, గట్లనే పోయిండు" అన్నది. ఎదుటి జట్టు నా ఖండన కోసం కాచుకొని ఉంది. నేను వేదిక దిగి వచ్చేశాను. ఆ పాయింట్లు వాళ్లకే పోనీ.

ఆయన ఆత్మకు శాంతి కలగాలని రాయబోవడం లేదు. శాంతి ఆయనకు అంతగా సరిపడేది కాదు. తరగతి మరీ నిశ్శబ్దంగా ఉంటే సుద్దముక్క బల్లమీద పెట్టి, "ఏంది, అందరు ఒప్పుకున్నరా? గట్లయితే నేనేదో తప్పు జెప్పిన" అనేవారు.

ప్రభుత్వ బడుల్లో పనిచేసి రిటైరయ్యాక ఆయన శామీర్‌పేట దగ్గర మా ప్రైవేటు స్కూలుకు వచ్చారు. ఇల్లు మా కాలనీలోనే. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వైపు నుంచి గాలి తిరిగితే చెత్త వాసన తరగతి గదిలోకి వచ్చేది. మేము పరుగెత్తి కిటికీలు మూసేవాళ్లం. "మూసిండ్రా? మంచిది. ఆడ ఉన్నోళ్ల ఇండ్లకు కిటికీలు లేవనుకుంట" అని ఆయన పాఠం కొనసాగించేవారు. నవ్వాలో సిగ్గుపడాలో తేల్చుకునేలోగా మరో పేజీ తిప్పేవారు.

జర్మనీలో నియంతృత్వం ఎలా వచ్చిందో చెప్పే పాఠంలో ఆయన ఆ నియంత పేరు ఒక్కసారీ పలకలేదు. "వాని పేరు పరీక్షల రాసుకోండ్రి, మార్కులు పడ్తయ్. ఈడ మనకు వాని పక్కింటోళ్లతోని పని" అన్నారు. తర్వాత యూదుల మీద వచ్చిన ఉత్తరువులను ఒక్కొక్కటిగా, హాజరు పిలిచినంత మామూలుగా చదివారు. ఏ ఉత్తరువు దగ్గర మా మనసు ఒప్పుకోదో అక్కడ మేము పుస్తకం మూసేయాలి. అంతే నియమం. సర్కారు కొలువుల నుంచి తీసివేత. పార్కు బెంచీల మీద కూర్చోరాదు. దుకాణాల అద్దాల మీద యజమాని పేరు పెద్ద తెల్లని అక్షరాలతో రాయాలి. రేడియోలు అప్పగించాలి. పెంపుడు పిల్లులను కూడా ఉంచుకోరాదు.

నేను మొదటి ఉత్తరువుకే పుస్తకం మూశాను, అందరికీ వినబడేలా. సారు నావైపు చూశారు గానీ మెచ్చుకోలేదు. ఆ లోటు చాలాకాలం నన్ను తొలిచింది.

డిబేట్‌కు నన్ను తయారుచేసింది ఆయనే. ఆయన ఇచ్చిన ఆయుధాలు రెండు. ఎవరు ఏ ప్రతిపాదన చేసినా "తర్వాతేంది?" అని అడగడం మొదటిది. ఎదుటివాణ్ణి ఆ నియంతతో పోల్చకపోవడం రెండోది. "గట్ల పిలిస్తే వానికి మస్తు అల్కగైతది బిడ్డా. నేను గంత చెడ్డోన్ని కానని ఇంటికి పోయి కమ్మగ పంటడు" అనేవారు. ఈ రెండో నియమాన్ని నేను ఎన్నిసార్లు ఉల్లంఘించానో, ఉల్లంఘించిన ప్రతిసారీ ఎలా ఓడానో నా జట్టుకు తెలుసు.

మొన్నటి నెలలో మా కాలనీలో రెండు స్కూటర్ల బ్యాటరీలు పోయాయి. అమ్మకాలకు గేటు లోపలికి వచ్చే ప్రతి బండి మీద యజమాని పేరు, తండ్రి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉండాలని సంక్షేమ సంఘం అనుకున్నది. సంఘానికి కార్యదర్శి మా నాన్న. "నీకు భాష బాగా వచ్చు కదమ్మా, తీర్మానం కాస్త రాసిపెట్టు" అన్నారు. పావుగంటలో రాసి ఇచ్చాను. "నివాసుల భద్రతను, క్రయవిక్రయాలలో పారదర్శకతను దృష్టిలో ఉంచుకొని" అని మొదలయ్యే ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, సారుకు చదివి వినిపించాలని వాళ్లింటికి వెళ్లాను.

ఆయన కళ్లజోడు సర్దుకొని కాగితం తీసుకొని తానే చదివారు.

"మస్తు రాసినవ్ బిడ్డా. ఒక్క తప్పు లేదు."

నేను సంతోషించాను.

"గా జర్మనీల గాళ్లకు గూడ గిట్ల మంచిగ రాసేటోళ్లే దొర్కిన్రు."

నేను వాదించాను. పేరు రాసుకుంటే తప్పేమిటన్నాను. దొంగతనాలు ఆగుతాయన్నాను.

"బ్యాటరీలెత్కపోయేటోడు బండి మీద నాయిన పేరు గూడ రాసుకొనొస్తడా?" అన్నారు ఆయన. "సరే, రాసిండ్రు. తర్వాతేంది?"

"ఎవరో తెలుస్తుంది సార్."

"తెలిసినంక?"

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఆ దినం నువ్వు ముందుగాలనే పుస్తకం మూసినవ్. మూసినంక నేను సదివినయి ఇన్నవా?"

వినలేదు. నా ధైర్యాన్ని నేనే మెచ్చుకుంటూ కూర్చున్నాను. అద్దాల మీది తెల్లని అక్షరాలు నా చెవి దాకా రానేలేదు.

మరునాడు గేటు దగ్గర ఆకుకూరల భాయిని కలిశాను. శామీర్‌పేట అవతల సొంత మడుల్లో పండించి తెచ్చే మనిషి. మా కాలనీలో సగం వంటలు ఆయన బండి మీదనే నడుస్తాయి. తీర్మానం సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. "ఇన్నేండ్ల సంది పాలకూర లేతదా ముదురుదా అనడిగిన్రు గని, నా పేరెవ్వరడగలే అమ్మా" అన్నాడు. "ఇప్పుడడుగుతున్రంటే కూర కోసమైతే గాదు. రాయమంటే రాస్త. రాసినంక ఈ గేట్ల నాకు బేరముంటదా?"

ఆదివారం ఉదయం కమ్యూనిటీ హాలు నిండింది. సారు ముందు వరుసలో కూర్చున్నారు. నాన్న తీర్మానం చదివారు. నేను లేచి, "ఇది రాసింది నేనే. వ్యతిరేకిస్తున్నదీ నేనే" అన్నాను.

"రెండు వైపులా నువ్వే మాట్లాడితే ఇక మేమెందుకమ్మా, టిఫిన్‌కా?" అన్నారు అధ్యక్షులవారు. హాలంతా నవ్వింది.

ఆ నియంత పేరు నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. "తర్వాతి తీర్మానం ఏమిటండీ?" అని అడిగాను.

"తర్వాతిదంటూ ఏమీ లేదు. పేరు తెలుస్తుంది, అంతే" అన్నారు అధ్యక్షులు.

"తెలిశాక?"

ఆయన ఫైలు సర్దుకున్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన, పాపం నిజాయితీగా, "ఏముందమ్మా, మనవాళ్ల దగ్గరే కొనుక్కుంటాం" అన్నారు.

నేను అక్కడికక్కడే రెండో తీర్మానం రాశాను: ఫలానా మతం పేరున్న వారి దగ్గర ఈ కాలనీవాసులెవరూ కొనరాదు. "భాష బాగుంది, చూసుకోండి. కావలసింది సంతకాలే" అని కాగితాన్నీ పెన్నునూ ముందు వరుసకు అందించాను. అవి చేతులు మారుతూ హాలంతా తిరిగాయి. ఆ పెద్దాయన దగ్గర కాసేపు ఆగాయి. ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, పక్కవారికి ఇచ్చేశారు. కాగితం ఒక్క సంతకం లేకుండా నా దగ్గరకు తిరిగి వచ్చింది.

"పదేళ్లుగా ఆయన దగ్గర తోటకూర తీసుకుంటున్నాను. పేరు తెలియనందుకు ఏనాడైనా కూర ఉడకలేదా?" అని మా ఎదురింటి ఆంటీ ఎవరినీ ఉద్దేశించకుండా అడిగారు.

పేర్లు రాయించే తీర్మానాన్ని వ్యతిరేకించేవారు లేచి నిలబడాలని అధ్యక్షులు కోరారు. మోకాళ్లు సహకరించని మా సారు అందరికంటే ముందు లేచారు. తర్వాత ఎదురింటి ఆంటీ. తర్వాత వరుసకు ఇద్దరు ముగ్గురు. తర్వాత వరుసలకు వరుసలే. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడులో నాన్న లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టారు. చివరికి, "లెక్కపెట్టేవాణ్ణి ఎలాగూ నిలబడే ఉన్నాను, నన్నూ కలుపుకోండి" అన్నారు. తీర్మానం ఓడిపోయింది. నేను రాసిన వాక్యాలలో అంత హాయిగా ఓడిన వాక్యం మరొకటి లేదు.

"సార్, అయిపోయింది, కూర్చోండి" అన్నారు అధ్యక్షులు.

"జరసేపు నిలబడనియ్యుండ్రి" అన్నారు సారు. "నలభై ఏండ్లు గా జర్మనీ పాఠం జెప్పిన. ఆ పాఠంల గింతమంది లేవరు."

కుర్చీ వీపు పట్టుకొని ఆయన మెల్లగా వెనక్కి తిరిగారు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా, తొందరపడకుండా, ఒక్కొక్క ముఖాన్నీ చూస్తూ వెళ్లారు. ఆ చూపు పూర్తయ్యేదాకా హాలులో ఎవరూ కూర్చోలేదు.