చేతిలో పెట్టిన ధర

మా నాన్న పశువుల దళారి. నరసరావుపేట సంతలోనూ చుట్టుపక్కల సంతల్లోనూ ఎద్దులు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. ఆయనకు చదువు రాదు, పొలం లేదు, సొంత గొడ్లు కూడా లేవు. ఉన్నదల్లా భుజం మీద ఒక తుండుగుడ్డ, దాని కింద పెట్టే కుడిచెయ్యి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సంతలో ఎద్దు ధర నోటితో చెప్పరు. బేరమాడే ఇద్దరూ చేతులు కలిపి పైన గుడ్డ కప్పుకుంటారు. ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వందలో, అన్ని వేలో. వందలా వేలా అన్నది ఎద్దును చూస్తే ఇద్దరికీ తెలిసిందే. చుట్టూ యాభై మంది నిలబడి చూస్తున్నా ఆ అంకె ఆ రెండు చేతులకే తెలుస్తుంది. తలలు అడ్డంగా ఊపుకుంటారు, తిట్టుకుంటారు, వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి చెయ్యి పెడతారు. చివరికి ఒక అంకె దగ్గర చేతులు ఆగాయంటే ఇక దానికి తిరుగులేదు. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. చెయ్యి ఇచ్చి తప్పినవాడికి ఆ సంతలో మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. చెయ్యి అందని దళారి ఇంటికి పోయి పడుకోవాల్సిందే.

నాన్న చెయ్యి ఎన్నడూ తప్పలేదని అందరూ అనేవాళ్లు. ఆయన ముందు ఆ మాట అంటే వినపడనట్టు జేబులో బీడీ వెతుక్కునేవాడు.

నేను ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నాక ఒకటి రెండేళ్లలో సంత సగానికి పడిపోయింది. కాస్త పొలం ఉన్నవాళ్లు ట్రాక్టర్ కొన్నారు, లేనివాళ్లు ఆ ట్రాక్టర్‌నే అద్దెకు పిలిచారు. పొద్దున వెళ్లిన నాన్న ఒక్క జత కూడా అమ్ముడుపోకుండా మధ్యాహ్నానికే తిరిగొచ్చిన వారాలున్నాయి. మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీలో కాపలాకి మనిషి కావాలని ఎవరో కబురు పంపారు. అమ్మ వెళ్లమంది. యాభై దాటిన మనిషి రాళ్లకు కాపలా కాయడమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు పోయొచ్చిన నాన్న ఎత్తుగా కట్టిన ప్రభల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఎగ్జిబిషన్ డేరాలో చూసిన వీడియో గేమ్ పెట్టెల గురించే చెప్పాడు. 

"ఎద్దుకైతే మేతెయ్యాల, నీళ్లు పెట్టాల, రోగమొస్తే కూకోని చూసుకోవాల. ఆ పెట్టెకి కరెంటు చాలు. పిలకాయలు వాళ్లంతట వాళ్లే వచ్చి బిళ్లలేసి ఆడి పోతన్నారు. ఒకడు తప్పుకుంటే ఇంకోడు" అన్నాడు.

"అవి మనకెవరిస్తారు?" అంది అమ్మ.

తిరనాళ్ల తర్వాత ఆ ఎగ్జిబిషన్ నరసరావుపేటలో నెల రోజులు ఆడింది. ఆ పైన యజమాని సామానంతా మద్రాసు దాకా మోసుకుపోవడం దండగనుకున్నాడో ఏమో, పాతబడిన మూడు గేమ్ పెట్టెల్ని పత్తి మిల్లు షెడ్డులో వేలం వేస్తానని కరపత్రాలు పంచాడు. నాన్న ఒకటి తెచ్చి నా చేత మూడుసార్లు చదివించుకున్నాడు. రెండు పెట్టెలు కొందాం అన్నాడు. ఒకటైతే పిల్లలు నిలబడి విసుగొచ్చి పోతారట, రెండుంటే అంగడి అవుతుందట. అమ్మ గాజులు అమ్మిన డబ్బూ, దాచిన డబ్బూ, అన్నీ కలిపి రొంటిన కట్టుకున్నాడు. క్వారీకి కబురు పంపడం వేలం అయ్యాక చూద్దామన్నాడు. పెట్టెల మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉందని నన్ను వెంట తీసుకుపోయాడు.

షెడ్డులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. మూడు పెట్టెలకీ కరెంటు ఇచ్చి వరసగా నిలబెట్టారు. మధ్యది కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. అటూ ఇటూ ఉన్న రెండూ వెలిసిపోయి ఉన్నాయి. మధ్యదే కొనాలని నాకు చూడగానే తెలిసిపోయింది, నాన్నతో చెప్పాను కూడా. ఆయన పట్టించుకోలేదు. ఎద్దును చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు, పక్కల మీద అరచేత్తో తట్టాడు, వెనక్కి పోయి వంగి చూశాడు, కొంచెం దూరం పోయి నిలబడి చూశాడు. నోరు తెరిచి పళ్లు చూడడం ఒక్కటే తక్కువ. తర్వాత నన్ను పిలిచి పాత పెట్టె ముందుభాగం చూపించాడు. ఆడేవాళ్లు మణికట్టు ఆనించే చోట రంగంతా పోయి లోపలి చెక్క నున్నగా కనిపిస్తోంది.

"కాడి మోసిన ఎద్దుకి మెడ కాయ కాసుద్ది. ఇది పని చేసిన పెట్టె. పిలకాయలకి ఇదంటే ఇష్టం. ఆ మెరిసేదాని దగ్గర ఎవడూ చెయ్యి పెట్టలా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది.

పాడడానికి వచ్చినవాళ్లు పది మంది కూడా లేరు. అందులో గట్టివాడు ఒక్కడే, మాచర్ల నుంచి వచ్చిన కుర్రాడు. బెల్టు, నల్ల కళ్లద్దాలు. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు నడుపుతున్నాడట. వాళ్ల నాన్న కూడా సంత దళారే, మా నాన్నకు తెలిసినవాడే. నాన్న అతన్ని షెడ్డు గోడ పక్కకి పిలిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

"ఆ పాతవి రెండూ నాకొదిలెయ్ అబ్బాయ్. మెరిసేదాని జోలికి నేను రాను."

"అట్టాగే బాబాయ్. ఎంత దాకా?"

నాన్న తుండుగుడ్డ పరిచాడు. కుర్రాడు నవ్వాడు, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాడు, అయినా చెయ్యి పెట్టాడు. గుడ్డ కింద వేళ్లు కదిలాయి. అతను రెండుసార్లు కాదన్నట్టు తల ఊపాడు. మూడోసారి సరేనన్నాడు.

ఇద్దరూ కూడబలుక్కుని అమ్మేవాడి కళ్లలో దుమ్ము కొట్టడమే కదా ఇది అని అతను అటు పోగానే నాన్నను అడిగాను. ఆయనకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఎంతకి ఒప్పుకున్నాడని అడిగాను.

"నీకెందుకు? నువ్వు మాట్టాడమాకు, ఊరికే నిలబడు" అన్నాడు.

మొదట పాత పెట్టెల్లో ఒకటి పాటకు వచ్చింది. రెండు వేల దగ్గర మొదలైంది. నాన్న నోరు విప్పడు, గడ్డం కొంచెం పైకెత్తుతాడు. వేలం వేసే ఆయన దాన్ని చూసి రెండొందలు కలిపి చెబుతాడు. ఒకరిద్దరు పాడి తప్పుకున్నారు. మాచర్ల కుర్రాడు మాత్రం తప్పుకోలేదు. నాన్న గడ్డం ఎత్తడం, వాడు చెయ్యెత్తడం. చెయ్యి ఇచ్చి పావుగంట కూడా కాలేదు, పాటకు పాట పెంచుతున్నాడు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. మూడు వేల ఎనిమిది వందలకు వాడి పాట నిలిచింది.

"మూడువేల ఎనిమిదొందలు, ఒకటోసారి" అన్నాడు వేలం వేసే ఆయన.

నేను నాన్న మొహం చూశాను. గడ్డం కదల్లేదు. ఎక్కడో మిల్లు కప్పు కేసి చూస్తున్నాడు.

"మూడువేల ఎనిమిదొందలు, రెండోసారి."

మోసపోయాడనుకున్నాను. పదిమందిలో వాణ్ని నిలదీయలేక, ఒప్పుకున్నది దాటి పెంచితే తన చెయ్యే తప్పుతుందేమోనని, నోట మాట రాక నిలబడిపోయాడనుకున్నాను. రేపటి నుంచి క్వారీలో ఈయన్ని ఊహించుకున్నాను. మా ఇంట్లో నోరున్నదాన్ని నేనే.

"అయిదు వేలు!" అని అరిచాను.

ఆడగొంతు కాబట్టి కొందరు నవ్వారు. వేలం వేసే ఆయన సంబరంగా అయిదు వేలు అని మూడుసార్లు అనేశాడు. మాచర్ల కుర్రాడు కళ్లద్దాలు తీసి నన్ను కాదు, మా నాన్నను చూశాడు. నాన్న తల వంచుకున్నాడు.

తర్వాత జరిగింది త్వరగా జరిగింది. పాత పెట్టే అయిదు వేలు పలికిందని చూసి యజమాని మెరిసే పెట్టెను ఏకంగా ఆరు వేల దగ్గర మొదలుపెట్టించాడు. కుర్రాడు దాన్ని అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ పోసి కొన్నాడని వాడి మొహమే చెప్పింది. మూడోది, అంటే రెండో పాత పెట్టె, వచ్చేసరికి నేను మళ్లీ నోరు తెరవబోయాను. నాన్న నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన నన్ను అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదలు. మిగిలిన డబ్బు ఇంకా రొంటినే ఉంది, అయినా గడ్డం ఎత్తలేదు. కుర్రాడు కాసేపు ఆయన కోసం చూశాడు. చివరికి అదీ వాడికే పోయింది.

ఒక్క పెట్టెను తొక్కుడు రిక్షా మీద కట్టి ఇంటికి బయల్దేరాం. నాన్న పెట్టె మీద చెయ్యి వేసి పక్కన నడుస్తున్నాడు. నేను ఇంకా గెలిచిన ఊపులోనే ఉన్నాను. వాడు చెయ్యి ఇచ్చి తప్పాడని తిట్టడం మొదలుపెట్టాను.

"వాడు తప్పలా" అన్నాడు నాన్న.

ఒక్కణ్నే పాడనిస్తే అమ్మేవాడికి అనుమానం వస్తుందట. అందుకని వదిలేసేవాడు కూడా ఒప్పుకున్న అంకె దాకా తోడొస్తాడట. ఒక్కో పెట్టెకి ఒప్పుకున్నది నాలుగు వేలు. మూడోసారి అనే లోపు నాన్న గడ్డం ఎత్తితే నాలుగు వేలవుతుంది, కుర్రాడు అక్కడ ఆగిపోతాడు. ఆత్రం కనపడకూడదని నాన్న ఎప్పుడూ చివరిదాకా ఆగేవాడు. 

"నాలుగని చేతిలో పెట్టి, అయిదని నోటితో అన్నాం. ఆ పిలగాణ్ని దొంగని పదిమందిలో అన్నట్టేగా. పైగా వాడి పెట్టె ధర కూడా మనమే పెంచాం."

నాకు సిగ్గేసింది. అయితే సిగ్గుకన్నా ముందు కోపమే వచ్చింది.

"నాతో ముందే చెప్పొచ్చుగా!"

"గుడ్డ కిందది ఇంట్లోవాళ్లకి చెబితే అది గుడ్డ కింద ఎట్టవుద్ది?"

నువ్వు కాదుగా అరిచింది, నేను అరిచాను అన్నాను. 

"నువ్వెవరి కూతురివి?" అన్నాడు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా రిక్షావాడితోనే మాట్లాడాడు.

సినిమాహాలు రోడ్డులో ఒక గది తీసుకుని పెట్టెను పెట్టాం. పెట్టె విషయంలో నాన్న చెప్పిందే నిజమైంది. బడి వదిలే వేళకి గుమ్మం దాకా పిల్లలు. ఒక్కటే కాబట్టి సగం మంది విసుగొచ్చి పోయేవాళ్లు, ఆ విషయంలోనూ ఆయన చెప్పిందే నిజమైంది. గది అద్దె పోను మిగిలేది చాలక, నేను అక్కడే ఒక మూల కుట్టు మిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. నాన్న స్టూలు మీద కూర్చుని, డబ్బు తీసుకుని పెట్టెలో వేసే బిళ్లలు ఇచ్చేవాడు. క్వారీకి పోలేదు. సంతకీ పోలేదు.

మొదట్లో అంగడి వదిలి పోలేకపోతున్నాడనుకున్నాను. నేనుంటాను, నువ్వు పోయి రా అన్నాను. మోకాళ్లు నొప్పులన్నాడు. సంతవాళ్లు దారినపోతూ ఆగి, "రావేంది మావా, నువ్వు లేక బేరాలు తెగడంలా" అని పిలిచేవాళ్లు. వాళ్లకూ మోకాళ్లే చెప్పాడు. అంటే వాళ్లెవరికీ తెలియదు. మాచర్ల కుర్రాడు ఎక్కడా నోరు జారలేదన్నమాట. ఎవరికీ తెలియని తప్పుకి ఎవరూ వెయ్యని శిక్ష వేసుకుంటున్న మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. అది నా తప్పు కావడం వల్ల అసలే తెలియలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో ఆ కుర్రాడు మా అంగడికి వచ్చాడు. గేమ్ పెట్టెలు తీసేసి షాపంతా క్యాసెట్లకే ఇస్తున్నాడట. ఆ రోజు వేలంలో కొన్న రెండో పాత పెట్టె ఉంది, కావాలంటే ఇస్తానన్నాడు. అదే మాకు కావలసింది. నేను కుట్టు ఆపేశాను.

"తీసుకుంటా" అన్నాడు నాన్న.

"ఆ రోజు సంగతి నేనెవరికీ చెప్పలేదు బాబాయ్. మా నాయనకి కూడా" అన్నాడు కుర్రాడు. తర్వాత జేబులోంచి పెద్ద కర్చీఫ్ తీసి తన చేతి మీద కప్పుకుని ముందుకు చాపాడు. నవ్వులాట కాదు, మామూలుగానే చాపాడు. "పట్టు, ఎంతో చెబుతా."

నాన్న ఆ చేతిని చూశాడు. బిళ్లల డబ్బా స్టూలు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"నోటితో చెప్పు అబ్బాయ్" అన్నాడు.

కుర్రాడు ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకున్నాను. చివరికి అతను కర్చీఫ్ జేబులో పెట్టుకుని, బేరానికి వీలుండేటట్టు కాస్త ఎక్కువే చెప్పాడు.

నాన్న బేరమాడలేదు. ఇంటికి వెళ్లి అడిగినంతా తెచ్చి ఇచ్చాడు.