ఐదడుగుల మంచం

చెవి మీద పెన్సిలు, జేబులో టేపు లేకుండా స్కేలు బాబాయిని ఎవరూ చూసి ఎరగరు. అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీయడం అతని పని. గది ఎలాగూ పెరగదు కాబట్టి, ఆరున్నర అడుగుల మంచాన్ని ఐదడుగులకు కుదించి గీసేవాడు. చుట్టూ తిరిగేంత చోటు కనబడేసరికి కొనేవాళ్ల ముఖాలు వెలిగేవి. "గది కొలత రాసే ఉందిగా, ఇందులో అబద్ధమేముంది" అనేవాడు. ఒక మధ్యాహ్నం, గోడకు చెమ్మ వస్తోందంటే, అలాంటి ఫ్లాటు ఒకదానికి వెళ్లాడు. పడగ్గదిలో పొడుగాటి ముసలాయన మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నిద్రపోతున్నాడు. మంచం చివర రంపంతో కోసిన గుర్తు కనబడింది. ఆ ఇంటి కోడలు నొచ్చుకుంటూ, "తప్పు మాదేనండీ. మీ ప్లాన్‌లో మంచం చక్కగానే పట్టింది. మేమే చూసుకోకుండా పెద్దది కొన్నాం. తలుపు పడకపోతే అడుగున్నర కోయించాం. మామయ్యగారికి అలవాటైపోయిందిలెండి" అంది. బాబాయి తేలుకుట్టిన దొంగలా నిలబడి, చెమ్మ సంగతి మరిచిపోయి, ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాడు. ఇప్పుడు ప్లాన్‌లో మంచాన్ని అసలు కొలతకే గీస్తాడు. ఫ్లాట్లు కట్టి అమ్మే యజమాని సణిగినా మార్చడు. ఇంట్లో తన మంచం మాత్రం ఏడడుగులు. దాని మీద ముడుచుకునే పడుకుంటాడు. "కాళ్లు చాపుకోరాదూ, బోలెడు చోటుందిగా" అంటుంది భార్య. "ఉంది" అంటాడు. చాపడు.