ఆదివారం పొద్దున కాచిన డప్పు

నా నోటిదూల గురించి మా అమ్మ చెప్పేవన్నీ నిజమే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పీ చెప్పీ, ఎవరు ఏ ప్రశ్న వేసినా ముందు జవాబు చెప్పేసే జబ్బు నాకే పట్టుకుంది. ఆ శుక్రవారం టీ తాగుతూ ఫోన్ చూస్తుంటే, నాకు ప్రాణమైన విశాఖ బ్యాండు వాళ్ళ పోస్టు కనిపించింది. ఆదివారం సైదాబాద్‌లో షో ఉందట. శనివారం రాత్రికి మాట్లాడుకున్న గదులు లేవు పొమ్మన్నారట. ఐదుగురం ఉన్నాం, ఎవరైనా ఒక్క రాత్రికి చోటిస్తారా అని అడిగారు. "మా ఇంటికి రండి, ఎల్బీ నగర్, మెట్రోకి దగ్గర" అని టైపు చేసి పంపేశాను. పావుగంటలో సరే అన్నారు. ఆ తర్వాతి క్లాసులో బోర్డు మీద నేను చేసిన లెక్క తప్పు. వెనక బెంచీ పిల్ల లేచి చెప్పేదాకా నాకు తెలియనేలేదు.

ఇంట్లో చెప్పేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది.

"ఐదుగురా? ఎవరు వాళ్ళు?"

"పాటలు పాడేటోళ్ళమ్మా."

"సుట్టాలా?"

"కాదు. ఫోన్ల సూస్త రోజు."

అమ్మ చాట పక్కన పెట్టింది. "ఫోన్ల సూసి ఇంటికి పిలుస్తరా ఎవరన్న? ఉన్నది ఒక్క బాత్రూమాయె. నీకు తలకాయ ఉన్నదా లేదా?" అంటూనే లేచి ఫ్రిజ్‌లో గుడ్లు ఎన్ని ఉన్నాయో చూసింది. నాకు అప్పుడే తెలిసిపోయింది, ఒప్పుకున్నట్టే. బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన మా నాయన మాత్రం పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు. "రానియ్. మనమేమన్న తాజ్‌మహల్ల ఉంటున్నమా, ఆళ్ళకు ఇరుకైతదని సిగ్గుపడనీకి," అన్నాడు.

అయితే నేను ఒక సంగతి దాచాను. ఆ బ్యాండులో గిటారుతో పాటు డప్పు కూడా ఉంది. అసలు నేను ఆ బ్యాండు వెంట పడిందే ఆ డప్పు కోసం. మా ఇంట్లోనేమో ఆ మాటే ఎత్తకూడదు.

ఎందుకో చెప్పాలి. మా తాత డప్పు కొట్టేవాడు. నల్లగొండ దగ్గర మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మా నాయన కూడా కొట్టాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు సైదాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఒకసారి మా చిన్నాయన ఏదో పెళ్ళిలో వాయించడానికి డప్పు పట్టుకుని వచ్చి మా ఇంట్లో దిగాడు. గోడకు ఆనించిన డప్పు ఓనరు కంట్లో పడింది. మా కులమేదో ఆయనకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. తిట్టలేదు, అరవలేదు. కొడుక్కి పెళ్ళి కుదిరింది, పోర్షన్ కావాలన్నాడు. నెల తిరక్కుండా ఖాళీ చేశాం. ఆయనకు అసలు కొడుకే లేడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంటుంది.

అప్పుడు దొరికింది ఎల్బీ నగర్‌లో ఈ ఇల్లు. కింద ఓనరాంటీ, పైన మేం. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన టీచరమ్మ ఆమె, రిటైరై ఒక్కతే ఉంటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు, "ఇంతకీ మీరేమిట్లండీ?" అని నవ్వుతూ కులం అడిగింది. మా నాయన, "డిపోల మెకానిక్‌నమ్మా," అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. పదిహేనేళ్ళుగా మేమూ చెప్పలేదు. చెబితే ఇల్లు పోతుందని మా ముగ్గురికీ భయం. మా నాయన తన డప్పును చిన్నాయనకు ఇచ్చేశాడు. పాట వస్తుంటే కుర్చీ చెయ్యి మీద వేలితో తాళం వెయ్యడం కూడా మానేశాడు.

శనివారం సాయంత్రం వ్యాను మా గల్లీలోకి తిరిగేసరికి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఫోన్లో అంగుళమంత కనిపించే మనుషులు మా గేటు ముందు దిగి ఒళ్ళు విరుచుకుంటుంటే, ఇది నిజమేనా అని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. నలుగురు అబ్బాయిలు, పాడే అమ్మాయి. "ఏటక్కా, నిజంగానే పిలిసీసేవా?" అని ఆ అమ్మాయి నన్ను వాటేసుకుంది. నాకు నోట మాట రాలేదు. నాకు మాట రాకపోవడం ఏమిటని అమ్మ కిటికీలోంచి వింతగా చూసింది.

ఓనరాంటీ వసారాలోకి వచ్చేసింది. "ఎవరమ్మా వీళ్ళంతా?"

"వైజాగ్ బ్యాండు ఆంటీ. రేపు షో ఉంది."

"ముందే చెప్పకూడదూ, ఏదైనా చేసి ఉంచేదాన్ని. గోంగూర పచ్చడి పంపిస్తానుండు," అని, పచ్చడి సీసాతో తానే పైకి వచ్చి, ఆ అమ్మాయి చేత రెండు పాటలు పాడించుకుని గానీ దిగలేదు. ఆమె మంచిది. అందుకే నాకు ఎప్పుడూ కోపంగా ఉంటుంది. చెడ్డ మనిషైతే ఇంత దాపరికం నాకు తేలిగ్గా ఉండేది.

సామాన్లు మొయ్యడానికి మా నాయన కూడా చెయ్యి వేశాడు. గిటారు తెచ్చాడు, పెట్టెలు తెచ్చాడు. గుండ్రటి గుడ్డసంచి ఒకటి చంకలో పెట్టుకుని మెట్ల మధ్యలో ఆగిపోయాడు. విప్పి చూడనక్కర్లేదు, చెయ్యి తగలగానే తెలిసిపోయింది. దాన్ని చెప్పుల స్టాండు పక్కన మెల్లగా పెట్టి, నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"నీకు ముందే తెల్సా?"

తలూపాను.

"గది సంచిలకెల్లి బయటికి రావొద్దు. పొద్దున వాళ్ళు పోయేదాక. ఈ వయసుల నాతోని మళ్ళ ఇల్లు దేవులాడనీకి కాదు బిడ్డా."

సరేనని మాట ఇచ్చాను.

ఆ సాయంత్రం మా రెండు గదుల ఇల్లు ఇల్లులా లేదు. కోడికూర, జొన్నరొట్టెలు చేస్తే రొట్టె పొయ్యి మీంచి కంచంలో పడే లోపే మాయమైపోయింది. తినే పిల్లలను చూస్తే మా అమ్మకు ప్రాణం లేచివస్తుంది. "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అంటూ వాళ్ళను ఆయాసపెట్టేసింది. బాత్రూం ముందు వరసలో నిలబడి వాళ్ళు పాట కడుతుంటే లోపలున్నవాడు తలుపు కొడుతూ తాళం వేశాడు. నేను నవ్వి నవ్వి కూలబడ్డాను. డప్పు వాయించే అబ్బాయి ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం మానేసినవాడు. సంచి తెస్తానని రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ మాట మార్చి కూర్చోబెట్టాను.

పొద్దున ఆరింటికే మెలకువ వచ్చింది. హాలంతా మనుషులు అడ్డదిడ్డంగా పడుకుని ఉన్నారు. బయట జూన్ వాన, కరెంటు లేదు. చెప్పుల స్టాండు పక్కన ఆ సంచి. అందరూ నిద్రలో ఉన్నారు కదా, ఒక్కసారి చూస్తే ఏం పోతుందనుకుని జిప్పు తీశాను. తోలు మీద దుమ్ము, పసుపు మరకలు, వేళ్ళ జిడ్డు. ఈ రోజు అంతమంది ఫొటోలు తీస్తారే, ఇలాగా ఉండేది అనుకున్నాను. రోజూ బోర్డు తుడిచే అలవాటు కదా, గుడ్డ తడిపి తెచ్చి, ముందూ వెనకా మెరిసేలా తుడిచాను. ఎంత సంతోషంగా తుడిచానో చెప్పలేను. నా వంతు సేవ చేశాననుకుని దాన్ని గోడకు ఆనించి టీ పెట్టడానికి వెళ్ళాను.

ఏడింటికి ఆ అబ్బాయి లేచి అలవాటుగా దాని మీద వేళ్ళతో తట్టాడు. అట్టపెట్టెను తట్టినట్టు చప్పుడు వచ్చింది. మళ్ళీ తట్టాడు. అతని మొహం పాలిపోయింది.

"ఎవరు తుడిచేరక్కా?"

"నేనే. మురికిగా ఉంటే."

అతను నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తోలు నీళ్ళు తాగితే సాగిపోతుందని, ఎండలో పెడితే గానీ బిగుసుకోదని మెల్లగా చెప్పాడు. ఎండ ఎక్కడిది, ఆకాశం నల్లగా ఉంది. జుట్టు ఆరబెట్టుకునే మెషీను ఉంది గానీ కరెంటు లేదు. తొమ్మిదింటికల్లా హాలుకు బయల్దేరాలి. వాళ్ళ షో మొదలయ్యేదే ఒంటి డప్పుతో. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడాదిపాటు నేను చెవులు కోసుకున్న చప్పుడును నా చేతులతో నేనే చంపేశాను.

"గ్యాస్ మీద పెట్టి చూస్తాను," అని అతను వంటింట్లోకి వెళ్ళాడు. ఎప్పుడూ మంట మీద కాచినవాడు కాదు, చేతులు చూస్తేనే తెలుస్తోంది. బాల్కనీలో మా నాయన అటు తిరిగి చాయ్ తాగుతున్నాడు. మొదటి నుంచీ అన్నీ వింటున్నాడని నాకు తెలుసు. స్టవ్ వెలిగిన చప్పుడైంది.

"బంద్ చెయ్," అన్నాడు మా నాయన. "తోలు పలుగుతది."

అందరూ ఆయన వైపు తిరిగారు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నువ్వు ఊకో. ఆళ్ళ తిప్పలు ఆళ్ళు పడ్తరు," అని కింది ఇంటి వైపు కళ్ళతో చూపించింది. మా నాయన ఆమెను చూశాడు. నన్ను చూశాడు. నేను అప్పటికే ఏడుస్తున్నాను. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"బిడ్డా, పండ్ల బండాయన తాన మామిడికాయల డబ్బలల్ల వరిగడ్డి ఉంటది. ఉరుకు."

చెప్పులు కూడా వేసుకోలేదు. మెయిన్ రోడ్డు మీద పండ్ల బండి ఆయన పట్టా కప్పుకుని కూర్చున్నాడు. "గడ్డి ఎందుకమ్మా పొద్దుపొద్దున్నే?" అని అడిగాడు. "డప్పు కాపనీకి," అన్నాను. రోడ్డు మీద నిలబడి ఆ మాట అనడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆయన, "అట్లనా, పొడిది సూసి తీస్కపో," అన్నాడు అంతే. గడ్డిని చున్నీలో చుట్టుకుని పరుగెత్తుతుంటే, ఎందుకో తెలియదు, నవ్వు వచ్చింది.

మేడ మీద బట్టలు ఉతికే రేకుల కప్పు కింద మా నాయన మంట వేశాడు. అందరం చుట్టూ చేరాం. డప్పును మంటకు మూరెడు ఎత్తున పట్టుకుని, రొట్టెను తిప్పినట్టు తిప్పుతూ, మధ్యమధ్య అరచెయ్యి ఆనించి చూశాడు. "మంట తగలొద్దు, సెగ తగలాలె," అని ఆ అబ్బాయికి చెప్పాడు. "అంచులు ముందుగాల. నడుమ ఆఖర్న." ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఇన్ని మాటలు వరసగా మాట్లాడిన మనిషి కాదు. వేలితో కొడితే మొదట మొద్దుగా పలికింది. కాసేపటికి కొంచెం లేచింది. ఆ తర్వాత ఒక్కసారి ఖణేల్‌మంది. మా అందరి నోళ్ళలోంచి ఒకేసారి ఊపిరి బయటికి వచ్చింది.

"ఇంద, కొట్టి సూడు," అని అతనికి ఇవ్వబోయాడు.

"మీరే కొట్టండి బాబాయ్."

మా నాయన మెట్ల వైపు చూశాడు. తర్వాత డప్పుకు కట్టిన పటకాను ఎడమ భుజానికి తగిలించుకుని, కుడిచేత్తో లావుపాటి సిర్రను, ఎడమచేత్తో సన్నటి పుల్లను తీసుకున్నాడు. మొదటి నాలుగు దెబ్బలూ తడబడ్డాయి. అయిదో దెబ్బ నుంచి ఆయన నాకు తెలిసిన మనిషి కాదు. మోకాళ్ళు వంగాయి, అడుగు పడింది, వాన చప్పుడు ఎక్కడికో పోయింది. ఆ అబ్బాయి తల పట్టుకుని నవ్వుతున్నాడు, పాడే అమ్మాయి చప్పట్లు కొడుతోంది, నేను గొంతు చించుకుని అరుస్తున్నాను. ఇంత ఉందా ఈయన దగ్గర, ఇంతా దాచాడా అని పొంగిపోతూనే ఏడుస్తున్నాను.

అప్పుడు చూశాను, మెట్ల దగ్గర గొడుగుతో ఓనరాంటీ. ఆమె వెనక మా అమ్మ.

మా నాయన ఇటు తిరిగి ఆగాడు.

"పొగ వస్తుంటే ఏవైందోనని వచ్చాను," అంది ఆంటీ. డప్పు వైపు చూస్తూ, "మీకిది ఎలా వచ్చండీ?" అని అడిగింది.

"మా నాయన నేర్పిండమ్మా. మేం మాదిగోళ్ళం."

నెమ్మదిగానే అన్నాడు.

"పదిహేనేళ్ళు," అంది ఆంటీ. "ఒక్కసారైనా చెప్పలేదే నాతో."

"చెప్తె ఇల్లు ఇస్తుంటిరా అమ్మా?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆమె నోరు తెరిచింది. ఇచ్చేదాన్నే అనడానికి ఎంతసేపు పడుతుంది. జవాబు తెలిసీ చెప్పలేని మొహాలు క్లాసులో నేను రోజూ చూస్తాను. ఆమె ఆ మాట అనలేదు. "నిప్పు పూర్తిగా ఆర్పండి," అని, రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

నేను వెనకే ఉరకబోయాను. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మా నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊకో. ఆమె అబద్ధమైతే చెప్పలే."

"ఖాళీ చెయ్యమంటదేమో," అంది అమ్మ.

"అంటె చేద్దాం. నువ్వైతే ముందుగాల పిల్లలకు తిననీకి పెట్టు పో."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని కిందికి వెళ్ళింది. వాళ్ళు సామాన్లు సర్దుకోవడానికి దిగారు. ఆ అబ్బాయి మాత్రం డప్పు కోసం దూరంగా నిలబడ్డాడు. నేను మంట మీద నీళ్ళు చల్లుతూ, "నాయినా, తడిగుడ్డ పెట్టింది నేనే," అన్నాను.

"తెల్సు. డప్పు కొట్టేటోని బిడ్డవు, తోలు మీద నీళ్ళు పెట్టొద్దని నీకు తెల్వదు. గది నీ తప్పెట్లయితది? నీకు చెప్పకపోతి నేను."

అని పటకాను తన భుజం మీంచి తీసి నా భుజానికి వేశాడు. డప్పు ఇంకా వెచ్చగా ఉంది. సిర్ర నా చేతిలో పెట్టి, వేళ్ళు ఎక్కడ ఉండాలో ఒక్కొక్కటే సర్దాడు. కింద వ్యాను హారన్ కొట్టింది. "ఐదు నిమిషాలు ఆగండి బిడ్డా," అని గోడ మీంచి వంగి చెప్పాడు. నేను భయపడుతూ, చప్పుడు మేడ దాటకుండా మెల్లగా ఒక దెబ్బ కొట్టాను.

"గట్టిగ కొట్టు," అన్నాడు మా నాయన. "కిందింటి దాక ఇనవడాలె."