బరువైన గెలాక్సీలు

రెండు వేల ఐదారు ప్రాంతాల మాట. దేశ రాజధానిలో, సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లో ఉండేవాళ్లం. మావారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, నేను యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను, మా అమ్మాయికి ఆరేళ్లు. నా థీసిస్ గెలాక్సీల మీద. ఒక గెలాక్సీలో నక్షత్రాలు ఒక్కసారిగా గుంపులు గుంపులుగా పుడితే, వాటి వేడీ, వాటిలో పెద్దవి పేలిన ధాటీ కలిసి అక్కడి వాయువును బయటికి తరిమేస్తాయి. అది ఎంత వేగంతో పోతోందో లెక్కగట్టడం నా పని. అంత దూరపు లెక్కలు తేలేవి గానీ, ఇంట్లో పప్పు మాడకుండా దింపడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు.

థీసిస్ గడువు దగ్గరపడింది. కాకినాడ నుంచి అమ్మ ఫోన్ చేసి, "పిల్లని నా దగ్గరికి పంపించెయ్యవే. ఏడాది ఇట్టే గడిచిపోద్ది. దానికి నాలుగు తెలుగు ముక్కలూ అబ్బుతాయి" అంది. మా పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే. అమ్మమ్మ దగ్గర పిల్లల్ని ఉంచడం మన ఇళ్లల్లో కొత్తేమీ కాదు కదా అని సరేనన్నాను. టికెట్టు కొన్నాం. వణికించే చలిలో మార్కెట్టుకెళ్లి కాకినాడ ఉక్కకని కాటన్ గౌన్లు అడిగితే, కొట్టతను "ఇస్ ఠండ్ మే, దీదీ?" ఈ చలిలోనా అక్కా అని ఎగాదిగా చూశాడు. అవి పెట్టెలో సర్దుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ప్రయాణానికి ముందు ఆదివారం, సెమినార్ బొమ్మలు మంచం మీద పరుచుకున్నాను. ఏదైనా ముందు తెలుగులో పైకి చెప్పుకుంటే గానీ నాకు ఇంగ్లీషులో నోరు తిరగదు. వినేది ఎప్పుడూ మా అమ్మాయే. ఒక గెలాక్సీకి పైనా కిందా ఎర్రగా చిమ్ముతున్న పాయలు చూపించి, "ఇదంతా గ్యాసమ్మా" అన్నాను.

"సిలిండర్ వాలీ?" వంటింటి సిలిండర్లోదా అని.

"కాదు, చుక్కలు పుట్టే గ్యాసు. ఇల్లొదిలి పోతోంది."

"వాపస్ ఆయేగీ?" తిరిగొస్తుందా అని.

నేనింకా సెమినార్ ధోరణిలోనే ఉన్నాను. "గెలాక్సీ బాగా బరువున్నదైతే తనవైపు లాక్కుంటుంది, చాలావరకు తిరిగొచ్చేస్తుంది. తేలికదైతే ఇంక రాదు" అన్నాను.

అది బొమ్మ వంక చూడలేదు. నా మొహంలోకి చూసి, "మమ్మీ, ఆప్ భారీ హో నా?" అంది. నువ్వు బరువే కదా అని.

తెలియనిది తెలియదని ఒప్పుకోవడం మా వృత్తిలో మర్యాద. ఆ మర్యాద అవతల పెట్టి, దాన్ని ఒళ్లోకి లాక్కుని, "చాలా బరువు తల్లీ" అన్నాను.

నమ్మిందో లేదో తెలీదు. నా మెడ చుట్టూ చేతులేసి, "అయినా పంపొద్దు" అంది, తెలుగులో.

వంటింటి గుమ్మంలో నిలబడి మావారు ఇదంతా విన్నారు. టికెట్టు జేబులో పెట్టుకుని, రద్దు చేయించడానికి స్టేషనుకి బయలుదేరారు.