మేష్టారి ఎడమ జేబు

మా డీజిల్ ఇంజన్ మేష్టారు దొంగ. మేం ఇంజను విప్పిన ప్రతిసారీ అందులోంచి ఒక సామాను కొట్టేసి చొక్కా ఎడమ జేబులో వేసుకునేవారు. తిరిగి బిగించేటప్పుడు గోడకి ఆనుకుని, "ఏం తక్కువైందో చెప్పు, ఇస్తా" అనేవారు. ఆ జేబు బరువుకి మనిషే ఎడమ పక్కకి ఒరిగి నడిచేవారు.

నేను చదివింది పల్లెటూరి బడిలో ఐదో తరగతి. అయినా ఈ చేతులు నూటపద్దెనిమిది లారీలు, నలభై ట్రాక్టర్లు, ఒక పడవ ఇంజను బాగుచేశాయి. మెకానిక్ శిక్షణలో మా జట్టు మొత్తంలో మేష్టారి జేబులో ఏముందో తడుముకోకుండా చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే.

మొదట్లో కాదులెండి. ఒక పిస్టన్ రింగు కోసం పూటంతా షెడ్డు ఊడ్చాను. ఆయన టీ తాగుతూ, ఆ మూల కూడా ఊడవమన్నారు.

"మేష్టారూ, ఇంట్లో కూడా ఇంతేనా?"

"గరిట కనబడకపోతే మా ఆవిడ ముందు నా జేబే తడుముతుందయ్యా."

చివరి పరీక్షకి బయటినుంచి అధికారి వచ్చాడు. ఇంజను విప్పి, బిగించి, నడిపించాలి. సామాను పోగొట్టినవాడు ఫెయిలు. ఫెయిలైతే బస్సు డిపోలో నాకు ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

బిగిస్తుంటే ఇంజెక్టరు కింద పెట్టే రాగి వాషరు కనబడలేదు. నాకు నవ్వొచ్చింది. ఠీవిగా లేచి నిలబడ్డాను.

"రాగి వాషరు. ఇచ్చెయ్యండి మేష్టారూ."

ఆయన నావంక ఒక్క క్షణం చూశారు. జేబులో చెయ్యిపెట్టి కెలికి, వాషరు తీసి నా అరచేతిలో పెట్టారు.

"దొరికిపోయాను."

"పరీక్షలో కూడా ఇవేం వేషాలండీ, ఈ వయసులో?" అంటూ అధికారి ఆయన మీద ఏదో రాసుకున్నాడు. ఇంజను మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంది.

సాయంత్రం ఇంట్లో చొక్కా విప్పుతుంటే, పైకి మడిచిన చేతి మడతలోంచి రాగి వాషరు ఠంగున నేలమీద పడింది.

అప్పటికప్పుడు సైకిలెక్కి మేష్టారింటికి వెళ్లాను. "మీరు తియ్యలేదు కదండీ. ఊరికే మాట ఎందుకు పడ్డారు?"

"నాకు అలవాటేగా. నీకు కొత్త."

"మరి సమయానికి జేబులో ఎలా ఉందండీ?"

"ఏటా ఎవడో ఒకడు పారేసుకుంటాడు. ఏది పారేస్తాడో ముందే తెలిస్తే ఇంత బరువు మొయ్యను." మంచినీళ్లు తెస్తానని లేచి, పెరటి దారిన వెళ్లి, కాసేపటికి గ్లాసుతో వచ్చారు.

నీళ్లు తాగి, బయటికొచ్చి సైకిలు తీశాను. ముందు చక్రంలో గాలి లేదు. వాల్వు లేదు.

గుమ్మంలో మేష్టారు పంపు పట్టుకుని, ఎడమ పక్కకి ఒరిగి నిలబడి ఉన్నారు.

"ఏం తక్కువైందో చెప్పు, ఇస్తా."